బటన్ నొక్కినా ఇంజను లేవట్లేదా? బోటు హైడ్రాలిక్ ట్రిమ్‌ను మీరే చూసుకోవడం ఎలా

"అన్నా, ఇంజను లేవట్లేదు. హైడ్రాలిక్ పోయినట్టుంది" అని ఫోన్ వస్తుంది. అది కూడా ఎక్కువగా ఆదివారం సాయంత్రమే, టూరిస్టులు లైఫ్ జాకెట్లు తగిలించుకుని ఒడ్డున నిలబడి ఉన్నప్పుడే వస్తుంది. నేను ఒక్కటే అడుగుతాను: "బటన్ నొక్కితే చప్పుడు ఏం వస్తోంది?" అవతల కాసేపు ఏమీ వినపడదు. ఆ చప్పుడు ఎవరూ వినరు మరి. కంగారులో బటన్ పదిసార్లు నొక్కుతారు గానీ, ఒక్కసారి నొక్కి పట్టుకుని చెవి అటు పెట్టరు.

హైడ్రాలిక్ ట్రిమ్ అంటే బటన్ నొక్కితే ఆయిల్ ఒత్తిడితో బోటు ఇంజనుని పైకి లేపి, కిందికి దించే ఏర్పాటు. అది పోయిందని నా దాకా వచ్చిన ఇంజన్లలో హైడ్రాలిక్ నిజంగా పోయినవి తక్కువే. చిలుము పట్టిన తీగ, కాలిపోయిన రిలే (బటన్ నొక్కితే మోటారుకి కరెంటు కలిపే స్విచ్చి), ఎవరో వదులు చేసి మర్చిపోయిన స్క్రూ, ఎక్కువగా కారణం వీటిలో ఏదో ఒకటి. కాబట్టి స్పానర్ తీసి సిలిండర్ మీద పడకండి. ఇక్కడ చెప్పే వరసలో వెళ్తే సగం రిపేర్లు ఆయిల్ చుక్క కారకుండానే అయిపోతాయి.

ముందు ఇది మీ ఇంజనుకి ఉందో లేదో చూడండి

మన తీరంలో వేటకి వెళ్లే ఫైబర్ బోట్ల మీద కనిపించే 9.9 హార్స్‌పవర్ లాంటి చిన్న ఇంజన్లకి ఈ గొడవే లేదు. చేత్తో ఎత్తి తగిలించుకోవడమే. వాటికి టిల్ట్ గొట్టంలో, అంటే ఇంజను పైకి వంగే ఇరుసులో, గ్రీజు ఉంటే చాలు. కంట్రోల్ లీవర్ మీద బొటనవేలికి అందేలా పైకీ కిందికీ నొక్కే బటన్ ఉంటే మాత్రం మీది పవర్ ట్రిమ్. స్పీడ్ బోట్లు, గస్తీ బోట్లు, కాస్త పెద్ద రెస్క్యూ బోట్ల మీద ఉండేది ఇదే.

బోటు వెనక పలకకి ఇంజనుని బిగించే రెండు బ్రాకెట్ల మధ్య ఇరికించినట్టు ఒక యూనిట్ ఉంటుంది. అందులో 12 వోల్టుల మోటారు, అది తిప్పే చిన్న గేర్ పంపు, ఆయిల్ ట్యాంకు, లోపల కొన్ని వాల్వులు ఉంటాయి. బయటికి కనిపించేవి మెరిసే స్టీలు రాడ్లు. పెద్ద ఇంజన్లలో చాలావాటికి మధ్యలో పొడవాటి టిల్ట్ ర్యామ్ (ఆయిల్ ఒత్తిడికి రాడ్‌ని బయటికి నెట్టే సిలిండర్) ఒకటి, అటూ ఇటూ పొట్టి ట్రిమ్ ర్యాములు రెండు ఉంటాయి. మధ్యరకం ఇంజన్లలో కొన్నింటికి అన్ని పనులూ చేసే ర్యామ్ ఒకటే. మోటారు ఒకవైపు తిరిగితే ఆయిల్ ర్యామ్ కింది భాగంలోకి వెళ్లి ఇంజను లేస్తుంది, రెండోవైపు తిరిగితే పై భాగంలోకి వెళ్లి ఇంజను దిగుతుంది.

మూడు ర్యాములు ఉన్నవాటిలో మొదటి 20 డిగ్రీల వరకూ ఇంజనుని నెట్టేవి పక్కనున్న ట్రిమ్ ర్యాములు. బోటు వేగంగా పోతున్నప్పుడు ప్రొపెల్లర్ తోసే బలానికి ఎదురు నిలబడాలి కాబట్టి నెమ్మదిగా, గట్టిగా నెడతాయి. అక్కడినుంచి మధ్య ర్యామ్ ఒక్కటే ఇంజనుని నీళ్లలోంచి పైకి లేపేస్తుంది. అందుకే సగంలో చప్పుడు మారి ఇంజను ఒక్కసారిగా వేగంగా లేస్తుంది. దాన్ని చూసి ఏదో తెగిందని ఫోన్ చేసినవాళ్లున్నారు. అది మామూలే.

చేయి పెట్టేముందు

115 హార్స్‌పవర్ ఇంజను బరువు 170 కిలోల దాకా ఉంటుంది. అది గాల్లో నిలబడి ఉండేది ఒక గ్లాసుడు ఆయిల్ మీద. కాబట్టి ఇంజను పూర్తిగా పైకి లేపి, పక్కనున్న టిల్ట్ లాక్ లీవర్ వేసి, కిందికి బటన్ ఒక్కసారి తాకించి బరువు లీవర్ మీద కూర్చోబెట్టండి. యూనిట్‌లో ఏదైనా విప్పాల్సి వస్తే ఆ లీవరొక్కదాన్ని నమ్మొద్దు. పైనుంచి చైన్ బ్లాకుకో, దూలానికో తాడు వేసి కట్టండి. కింద పిల్లలూ కుక్కలూ తిరగకుండా చూసుకోండి. ఆయిల్ ఎక్కడ కారుతోందో వేలితో తడిమి చూడొద్దు, లోపల ఒత్తిడి చాలా ఎక్కువ. పెట్రోలు వాసన వస్తుంటే వైర్ల పని మొదలుపెట్టకండి.

మొదటి మెట్టు: నొక్కండి, వినండి

ఇంజను ఆపేసి, తాళంచెవి ఆన్‌లో పెట్టి, పైకి బటన్ మూడు సెకన్లు నొక్కి పట్టుకోండి. ఇంకొకరిని వెనక యూనిట్ దగ్గర నిలబెట్టి వినమనండి.

ఏ చప్పుడూ లేకపోతే కరెంటు రాలేదు. రెండో మెట్టుకి వెళ్లండి.

టక్, టక్ అని మాత్రమే వినిపిస్తే స్విచ్చి బాగానే ఉంది, రిలే కదులుతోంది, మోటారుకి మాత్రం కరెంటు అందట్లేదు లేదా మోటారే పట్టేసింది. ఇదీ రెండో మెట్టే.

మోటారు మూలుగుతూ, వయసు మళ్లినట్టు నెమ్మదిగా తిరుగుతుంటే ముందు బ్యాటరీ చూడండి. ఆ తర్వాత కనెక్షన్లు, బ్రష్‌లు (మోటారు లోపల కరెంటు అందించే కార్బన్ ముక్కలు).

మోటారు హాయిగా, ఖాళీగా తిరుగుతున్న చప్పుడు వస్తూ ఇంజను మాత్రం కదలకపోతే కరెంటు గొడవ లేదన్నమాట. నేరుగా మూడో మెట్టు.

ఇంజను చివరిదాకా లేచాక కీచుమని అరిస్తే భయపడకండి. ఇక పోవడానికి చోటు లేక రిలీఫ్ వాల్వ్ ఆయిల్‌ని వెనక్కి వదులుతున్న చప్పుడది. ఆ అరుపు వినగానే బటన్ వదిలేయండి. ఈ మోటార్లు కాసేపు తిరిగి ఆగడానికే చేసినవి. నొక్కి పట్టుకుంటే వేడెక్కి కాలిపోతాయి.

రెండో మెట్టు: కరెంటు

ఎక్కువ రోగాలు ఇక్కడే ఉంటాయి కాబట్టి నిదానంగా చూద్దాం.

బ్యాటరీతో మొదలుపెట్టండి. మల్టీమీటర్ పెడితే నిండా చార్జ్ ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. అది చూసి బ్యాటరీ బాగుందని సంబరపడొద్దు. మీటరు అలాగే ఉంచి ట్రిమ్ బటన్ నొక్కించండి. 10 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ బలం అయిపోయింది, లేదా టెర్మినల్ వదులుగా ఉంది. టెర్మినల్ విప్పి, గరుకు కాగితంతో రుద్ది, గట్టిగా బిగించి మళ్లీ చూడండి. ఉప్పునీటి బోట్లలో టెర్మినల్ పైకి మెరుస్తూనే ఉంటుంది, లోపల తీగ మాత్రం పచ్చటి చిలుము పట్టి పొడిపొడి అయిపోయి ఉంటుంది. ప్లాస్టిక్ తొడుగు కాస్త వెనక్కి లాగి చూస్తేగానీ తెలియదు.

తర్వాత ఫ్యూజు. బోనెట్ కింద ఉంటుంది. పోతే అదే ఆంపియర్ల ఫ్యూజు వేయండి. సిగరెట్ రేకు చుట్టే తెలివితేటలు బోటు మీద వద్దు, పక్కనే పెట్రోలు ఉంది. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతే మోటారు పట్టేసిందనో, తీగ ఎక్కడో ఒరుసుకుని షార్ట్ అవుతోందనో అనుకోవచ్చు.

చాలా ఇంజన్లకి బోనెట్ పక్కన ఇంకో ట్రిమ్ బటన్ ఉంటుంది. దాన్ని నొక్కండి. అది పనిచేసి, చేతి లీవర్ మీదది పనిచేయకపోతే, యూనిట్‌కీ మోటారుకీ రోగమేమీ లేదు. లీవర్‌లోని స్విచ్చో, అక్కడినుంచి వెనక్కి వచ్చే వైరో పాడైంది. లీవర్ ముందుకీ వెనక్కీ కదిలినప్పుడల్లా లోపలి వైరు వంగుతూ ఉంటుంది కాబట్టి, ఆ వంపు దగ్గరే తెగుతుంది.

రెండు బటన్లూ పనిచేయకపోతే రిలే దగ్గరికి రండి. మోటారుకి వెళ్లేవి రెండు లావు తీగలు. చాలా ఇంజన్లలో నీలం పైకి, ఆకుపచ్చ కిందికి. ఇక్కడ చాలామంది మెకానిక్కులు కూడా తప్పటడుగు వేస్తారు. బటన్ నొక్కనప్పుడు ఆ రెండు తీగలూ రిలేల ద్వారా ఎర్త్‌కే అంటి ఉంటాయి. పైకి నొక్కితే నీలం తీగ ఎర్త్ వదిలి 12 వోల్టులకి తగులుతుంది, ఆకుపచ్చది ఎర్త్‌లోనే ఉండిపోతుంది. కరెంటు నీలంలోంచి వెళ్లి ఆకుపచ్చలోంచి తిరిగి రావాలి. అంటే ఇంజను పైకి లేవకపోవడానికి కారణం కిందికి దించే రిలే కావచ్చు! దాని ఎర్త్ పాయింటు కాలిపోతే పైకి నొక్కినా కరెంటుకి తిరిగొచ్చే దారి ఉండదు. పైకి రిలే ఒక్కటే మార్చి, లాభం లేదని కొత్త మోటారు కొన్నవాళ్లని చూశాను.

రెండు రిలేలూ ఒకే రకమైతే సులువైన పరీక్ష ఉంది. రెంటినీ ఒకదాని చోట ఇంకోటి పెట్టండి. ఇంతకుముందు పైకి లేవని ఇంజను ఇప్పుడు లేచి, కిందికి దిగడం మానేస్తే రిలేదే రోగం. ఏమీ మారకపోతే రిలేలని వదిలేయండి.

ఇక మోటారు. దానికి నేరుగా బ్యాటరీ కరెంటు ఇచ్చి చూడాలి. ముందు మోటారు తీగల సాకెట్ విప్పేయండి. ఇది ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నా ఎడమ చేతి మీద మచ్చ. కొత్తలో ఒకసారి సాకెట్ విప్పకుండానే నీలం తీగకి బ్యాటరీ ప్లస్ తాకించాను. ఇందాక చెప్పానుగా, ఆ తీగ రిలేలో ఎర్త్‌కి అంటి ఉందని. అంటే నేను చేసింది బ్యాటరీ ప్లస్‌ని తీసుకెళ్లి ఎర్త్‌లో పెట్టడం. జంపర్ తీగ క్షణంలో ఎర్రబడి తొడుగు కరిగి చేతికి అంటుకుంది. పక్కనే ఉన్న ముసలి మెకానిక్ నీళ్లు పోస్తూ, "రిలేని అడక్కుండా కరెంటు ఇచ్చావురా అబ్బాయ్" అన్నాడు.

సాకెట్ విప్పాక, 30 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న లావు జంపర్ తీగలతో నీలానికి ప్లస్, ఆకుపచ్చకి మైనస్ ఇవ్వండి. ఇంజను లేవాలి. తారుమారు చేస్తే దిగాలి. ఆఖరుగా తాకించే చోట నిప్పురవ్వ వస్తుంది కాబట్టి, ఆ తాకింపు బ్యాటరీకీ పెట్రోలు ట్యాంకుకీ దూరంగా ఉండాలి. ఇలా ఇస్తే మోటారు తిరిగిందంటే తప్పు ముందున్న వైరింగ్‌లోనే ఉంది. తిరగకపోతే ఒక్క ఉపాయం చూడండి: ఇంకొకరు జంపర్ తీగలు తాకించి పట్టుకోగా, స్క్రూడ్రైవర్ చెక్కపిడితో మోటారు ఒంటి మీద మెల్లగా రెండు దెబ్బలు కొట్టండి. లేచి తిరిగితే బ్రష్‌లు ఇరుక్కున్నాయి. ఆ రోజుకి పని గడుస్తుంది. మోటారు రోజులు మాత్రం దగ్గరపడ్డాయి. విప్పి చూస్తే లోపల ఎర్రటి తుప్పు పొడి ఉంటుంది, మోటారు కవర్ ఓ-రింగు (గుండ్రటి రబ్బరు రింగు) లోంచి ఉప్పునీరు దిగిందన్నమాట. మొత్తం యూనిట్ కొనాలని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోకండి. చాలా మోడళ్లకి మోటారు ఒక్కటీ విడిగా దొరుకుతుంది.

మూడో మెట్టు: మోటారు తిరుగుతోంది, ఇంజను కదలట్లేదు

మొట్టమొదట మాన్యువల్ రిలీజ్ స్క్రూ చూడండి. బ్రాకెట్ పక్కన చిన్న రంధ్రంలోంచి కనిపించే పెద్ద తల స్క్రూ అది. కరెంటు లేనప్పుడు ఇంజనుని చేత్తో ఎత్తడానికో దించడానికో పెట్టారు. ఎడమకి తిప్పితే ఆయిల్ ఇటూ అటూ స్వేచ్ఛగా తిరుగుతుంది, పంపు ఎంత తోసినా ర్యామ్ కదలదు. ఎవరో ఎప్పుడో వదులు చేసి, మళ్లీ బిగించడం మర్చిపోతారు. స్క్రూ తలకి సరిపోయే వెడల్పాటి స్క్రూడ్రైవర్‌తో కుడికి తిప్పి బిగించండి. తగిలాక కాస్త బిగువు చాలు. బలం చూపిస్తే లోపలి కూర్చునే చోటు చెడిపోతుంది. ఇంజనుని లాక్ మీదా తాడు మీదా నిలబెట్టకుండా, గాల్లో ఉండగా ఆ స్క్రూని పూర్తిగా విప్పి బయటికి తీయొద్దు. ఇంజనూ ఆయిలూ కలిసి మీ మీదికి వస్తాయి.

స్క్రూ బిగించి ఉన్నా కదలకపోతే ఆయిల్ చూడాలి.

ఆయిల్ చూడటం, పోయడం

ఆయిల్ ఎప్పుడు చూసినా ఇంజను పూర్తిగా పైకి ఉండాలి. బటన్‌తో లేవకపోతే రిలీజ్ స్క్రూ వదులు చేసి చేత్తో లేపి, మళ్లీ బిగించండి. రాడ్లు బయటికి వచ్చినప్పుడు ట్యాంకులో ఆయిల్ తగ్గుతుంది, రాడ్లు లోపలికి పోయినప్పుడు ఆ చోటులోని ఆయిల్ తిరిగి ట్యాంకులోకి వచ్చి ఒత్తిడి పెరుగుతుంది. ఇంజను కిందికి ఉండగా మూత తీస్తే ఆ ఒత్తిడికి ఆయిల్ చిమ్ముతుంది. చొక్కా పోతే పోయింది, కళ్లు జాగ్రత్త.

లాక్ లీవర్ వేసి, తాడు కట్టాక, మూత చుట్టూ ఉప్పూ ఇసుకా లేకుండా మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడవండి. ఈ తుడుపు చాదస్తం కాదు. ఒక్క ఇసుక రేణువు, ఆయిల్‌ని ఒకవైపే పోనిచ్చే లోపలి చెక్ వాల్వ్ బంతి కింద ఇరుక్కుంటే, ఇంజను నిలబడటం మానేస్తుంది. మూతని పావు మలుపు తిప్పి, గాలి బుస్సుమని పోయేదాకా ఆగి, అప్పుడు తీయండి. ఆయిల్ రంధ్రం కింది అంచు దాకా ఉండాలి.

ఏ ఆయిల్ పోయాలో మీ ఇంజను పుస్తకం చెబుతుంది. యమహా పుస్తకాల్లో చాలావాటిలో డెక్స్‌రాన్-2 రకం ఏటీఎఫ్ అని ఉంటుంది. అంటే కార్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే ఎర్రటి ఆయిల్. మెర్క్యురీ వాళ్లు తమ సొంత ట్రిమ్, స్టీరింగ్ ఆయిల్ వాడమంటారు. పుస్తకం పోతే డీలర్‌ని మోడల్ నంబరు చెప్పి అడగండి. బ్రేక్ ఆయిల్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పోయొద్దు. రెండూ హైడ్రాలిక్కే కదా అని పోసినవాళ్ల సీళ్లన్నీ (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగులు) వారం తిరక్కుండానే ఉబ్బి మెత్తబడ్డాయి. ఆ తర్వాత యూనిట్ మొత్తం విప్పక తప్పలేదు.

పోయడానికి మెడికల్ షాపులో దొరికే పెద్ద సిరంజి, దానికో చిన్న ప్లాస్టిక్ గొట్టం చాలు. అంచు దాకా పోసి, మూత ఓ-రింగుకి కాస్త గ్రీజు రాసి బిగించి, తాడూ లాకూ తీసి, ఇంజనుని పూర్తిగా కిందికి, పూర్తిగా పైకి నాలుగైదుసార్లు నడపండి. మధ్యలో రెండేసి నిమిషాలు ఆగండి. మోటారు చల్లారుతుంది, ఆయిల్లోని గాలి పైకి తేలుతుంది. మళ్లీ పైకి లేపి, లాక్ వేసి, ఆయిల్ చూడండి. తగ్గి ఉంటుంది, పోయండి. తగ్గకుండా ఒకేచోట నిలబడేదాకా ఇలాగే చేయాలి. దీన్ని ఎయిర్ తీయడం అంటాం. బ్రేక్‌కి లాగా నిపిల్ విప్పే పనేమీ లేదు, అదే తీసుకుంటుంది.

బయటికి తీసిన ఆయిల్ రంగు చూడండి. నురగలా ఉంటే గాలి, కాసేపు ఆగితే పోతుంది. పాలు కలిపిన టీలా ఉంటే లోపల నీళ్లు చేరాయి. సిరంజితో తీయగలిగినంత తీసేసి, కొత్తది పోసి, పైకీ కిందికీ నడిపి, మళ్లీ తీసి, రంగు స్పష్టమయ్యేదాకా మార్చండి. ఇది తాత్కాలికమే. నీళ్లు వచ్చిన దారి, మూత ఓ-రింగో ర్యామ్ సీలో, అది మార్చకపోతే మూడు నెలలకి మళ్లీ అదే టీ.

పైకి లేచింది గానీ నిలబడట్లేదు

సాయంత్రం లేపి పెడితే పొద్దున్నకి దిగిపోయి ఉంటుంది. ఎంత దిగుతోందో ముందు కొలవండి. ఇంజను పూర్తిగా లేపి, లాక్ వేయకుండా, కింద ఎవరూ రాని చోట వదిలి, ప్రొపెల్లర్ దగ్గర నేల నుంచి ఎత్తు కొలిచి రాసుకోండి. పొద్దున్న మళ్లీ కొలవండి. వేలి మందం తేడాకి నేను పట్టించుకోను. జానెడు దిగిందంటే మాత్రం ఆయిల్ ఎక్కడో జారుతోంది.

బయటికి కారుతోందో లోపలే జారుతోందో తేల్చుకోవాలి. యూనిట్ మొత్తం కడిగి ఆరనిచ్చి, రాడ్లు బయటికి వచ్చే చోట, మూత దగ్గర, రిలీజ్ స్క్రూ దగ్గర ముఖానికి రాసుకునే పౌడరు చల్లండి. పైకీ కిందికీ నడపండి. ఎక్కడ పౌడరు తడిసి గోధుమరంగు మచ్చ పడితే అక్కడే లీకు.

పౌడరు తెల్లగానే ఉంటే లీకు లోపలే. ఆ అనుమానితుల్లో అతి చవకైనది రిలీజ్ స్క్రూ మీది రెండు మూడు ఓ-రింగులు. ముందు అవి మార్చండి. ఇంజనుని లీవర్ మీదా తాడు మీదా నిలబెట్టి, ఆయిల్ మూత నెమ్మదిగా తీసి ఒత్తిడి వదిలాకే స్క్రూ విప్పండి. కొన్నింటికి సర్‌క్లిప్ (గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు) అడ్డం ఉంటుంది, అది తీయాలి. అదే కొలత ఓ-రింగులు వేసి, ఆయిల్ రాసి, బిగించి, పైన చెప్పినట్టు ఎయిర్ తీయండి. ఇంకా దిగుతుంటే లోపలి వాల్వులు గానీ, పిస్టన్ సీళ్లు గానీ పోయాయి. అది మెకానిక్ పని. సిలిండర్ మూత విప్పడానికి రెండు పిన్నుల స్పానర్ కావాలి. ఉప్పుకి పట్టేసిన ఆ మూతని ఉలీ సుత్తీతో తిప్పబోయి సిలిండర్ పగలగొట్టుకున్నవాళ్లు బోలెడుమంది.

దీనికి దగ్గరి చుట్టం ఇంకోటి ఉంది. ముందుకి వెళ్తుంటే బాగానే ఉండి, రివర్స్ వేసి రేజ్ చేయగానే ఇంజను నీళ్లలోంచి తన్నుకుని పైకి లేస్తుంది. మొదట రిలీజ్ స్క్రూ చూడండి. అది సరిగ్గా ఉంటే టిల్ట్ పిస్టన్‌లోని షాక్ వాల్వుల్ని అనుమానించాలి. జులై, ఆగస్టుల్లో గోదావరి వరదలో దుంగలు కొట్టుకొస్తాయి. వేగంగా పోతూ దుంగకి ఇంజను తగిలితే, పిస్టన్‌లోని చిన్న బంతి వాల్వులు తెరుచుకుని ఆయిల్‌ని కిందికి వదిలేస్తాయి, ఇంజను వెనక్కి లేచి దుంగ దాటుతుంది. కింద విడిగా ఉండే ఇంకో పిస్టన్ మాత్రం పాత చోటే ఉండిపోతుంది కాబట్టి, ఇంజను మెల్లగా దిగి సరిగ్గా ఇదివరకటి ట్రిమ్ దగ్గరే ఆగుతుంది. లోయర్ యూనిట్ (ప్రొపెల్లర్ ఉండే కింది భాగం) పగలకుండా కాపాడేది ఇదే. ఆ బంతుల కింద మట్టి చేరితే అవి పూర్తిగా మూసుకోవు, రివర్స్‌లో ఇంజను నిలబడదు. దుంగ తగిలిన రోజు సాయంత్రం ఆయిల్, రాడ్ల నిటారుతనం, బ్రాకెట్ బోల్టులు మూడూ చూసుకోండి.

ఒక్కమాట: బోటు ముక్కు కప్పగంతులు వేస్తోందనో, మలుపులో ప్రొపెల్లర్ గాలి పీలుస్తోందనో హైడ్రాలిక్‌ని తిట్టకండి. మీరు ట్రిమ్ ఎక్కువ పైకి పెట్టారు, అంతే. బయల్దేరేటప్పుడు పూర్తిగా కిందికి, బోటు నీటి మీదికి లేచాక కొంచెం కొంచెంగా పైకి. డాష్‌బోర్డు మీద ట్రిమ్ ముల్లు పిచ్చిపిచ్చిగా ఆడితే అది సెన్సారు గొడవ, ఆయిల్‌కి సంబంధం లేదు.

రోజూ చేసుకోవాల్సింది

ఉప్పునీటి నుంచి వచ్చాక ఇంజనుని ఫ్లష్ చేస్తారు (లోపల మంచినీళ్లు తిప్పి కడుగుతారు) గానీ, ట్రిమ్ యూనిట్ మీద చెంబుడు మంచినీళ్లు పోసేవాళ్లు అరుదు. ఇంజను పూర్తిగా లేపి రాడ్ల మీద, బ్రాకెట్ల సందుల్లో మంచినీళ్లు ధారాళంగా పోయండి. ప్రెజర్ వాషర్ మాత్రం సీళ్ల మీద కొట్టొద్దు, మురికి లోపలికి దూరుతుంది.

బోటు నీళ్లలోనే కట్టి ఉంచితే ప్రొపెల్లర్ నీళ్లలో లేకుండా పైకి లేపాలి. అప్పుడు రాడ్లు బయట ఉంటాయి, వాటి మీద నాచు, గుల్లలు పడతాయి. గుల్లలు ఉండగానే ఇంజను దించితే అవి సీల్‌ని కోసేస్తాయి. కత్తితో గీకితే రాడ్ మీది పూత లేచి, ఆ గరుకు సీల్‌ని కోస్తుంది. పాత ఏటీఎం కార్డుతో గీకి, తడి కొబ్బరిపీచుతో రుద్దండి. తర్వాత రాడ్ మీద గోరు అడ్డంగా నడపండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ గుంట పడింది. ఎన్ని సీళ్లు మార్చినా ఆ రాడ్‌తో లీకు ఆగదు. బోటు ఒడ్డు మీద, షెడ్డులో ఉంటే ఇంజను నిటారుగా కిందికే ఉంచండి. రాడ్లు లోపల భద్రంగా ఉంటాయి, ఇంజన్లో మిగిలిన నీళ్లూ కారిపోతాయి. రోడ్డు మీద ట్రైలర్‌పై తీసుకెళ్లేటప్పుడు ఇంజను బరువు టిల్ట్ లాక్ లీవర్ మీద వేయొద్దు. గతుకుల దెబ్బకి విరుగుతుంది.

బ్రాకెట్ కింద బూడిదరంగు లోహపు దిమ్మ ఒకటి బిగించి ఉంటుంది, అది యానోడ్. ఉప్పునీరు ఇంజను లోహాన్ని తినకుండా తను అరిగిపోవడమే దాని పని. సగం అరిగాక మార్చండి. అందంగా ఉంటుందని దానికీ రంగు వేస్తే అది అరగదు, ట్రిమ్ యూనిట్ అరుగుతుంది. గ్రీజు నిపిల్స్‌కి నెలకోసారి, పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టండి.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. వేట బోట్లు ఒడ్డెక్కి ఉండే ఆ రోజుల్లో మా దగ్గర చేతులు కాస్త ఖాళీగా ఉంటాయి. సీళ్లు మార్చాల్సిన ఇంజన్లు అప్పుడే తెచ్చుకోండి. జూన్ రెండో వారంలో అయితే అందరూ ఒకేసారి వస్తారు.

నీళ్ల మధ్యలో ఆగిపోతే

ఇంజను పైకి లేచి ఉండిపోయి దిగకపోతే, ఇంజను ఆపి, ఒకరు బోనెట్‌ని రెండు చేతులా పట్టుకోగా, ఇంకొకరు రిలీజ్ స్క్రూని నెమ్మదిగా ఎడమకి తిప్పండి. ఒకేసారి తిప్పేస్తే ధడాలున పడుతుంది. దిగాక స్క్రూ మళ్లీ బిగించి, మెల్లగా ఒడ్డుకి రండి, రివర్స్ వాడకం తగ్గించండి. కిందికే ఉండిపోయి లేవకపోతే లోతు తక్కువ ఉన్న చోటికి రాకముందే ఇదే పద్ధతిలో చేత్తో లేపి లాక్ లీవర్ వేయాలి. పెద్ద ఇంజనైతే ఇద్దరు మనుషులు ఉండాల్సిందే.

ఆ స్క్రూకి సరిపోయే వెడల్పాటి స్క్రూడ్రైవర్ ఒకటి కొని, పిడికి మూర పొడవు నైలాన్ తాడు కట్టి, రెండో కొసని బోటు వెనకాల కొక్కేనికి ముడేయండి. టూల్ బాక్సులో పెడితే అవసరమైన రోజున టూల్ బాక్సు ఒడ్డు మీదే ఉంటుంది.